ఫొటోలో పడిన ఇల్లు

కాకినాడ జగన్నాథపురం వంతెన మీద ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక ఒక పాత స్కూటరు నత్తలాగా పోతూ ఉండేది. దాని మీది మనిషి రోడ్డు వంక చూడడు. కాలవలో కట్టేసిన పడవల మీద ఎండ ఎటు వాలిందో చూసుకుంటూ పోతాడు. వెనక ఆటోవాళ్లు హారన్ కొట్టీ కొట్టీ విసిగి, పక్కనుంచి దూసుకుపోతూ నాలుగు మాటలు అని పోతారు. ఆయన పేరు ఏసురాజు. వయసు యాభై ఏడు. ఊళ్లో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో రికార్డు అసిస్టెంటు. ఏనాడూ ఒక పాఠం చెప్పి ఎరగడు గాని, గోదావరి జిల్లాల్లో బడి గేటు లోపల పెన్ను పట్టుకున్న ప్రతివాడూ మేస్టారే కాబట్టి ఆయనా మేస్టారే.

రికార్డు అసిస్టెంటు పని చిన్నది కాదు. తాను ఎప్పుడు పుట్టాడో మనిషికే తెలియని చోట, ఫలానా రోజున పుట్టాడని చెప్పేది బడి రిజిస్టరు ఒక్కటే. "రెండేళ్లు తగ్గించండి మేస్టారూ, పోలీసు సెలెక్షనుంది" అని బతిమాలినవాళ్లకి మంచినీళ్లిచ్చి పంపేశాడే తప్ప, ముప్పై ఏళ్లలో ఒక్క తేదీ దిద్దలేదు.

కెమెరా నలభై ఐదో ఏట కొన్నాడు. పెళ్లి వీడియోలు తీసేవాడొకడు పాతది వదిలించుకుంటుంటే తీసుకున్నాడు. ఫొటోలంటే ఆయనకి చిన్నప్పటినుంచీ ఒక కసి. వెనకటి స్టూడియోలు చూసినవాళ్లకి గుర్తుంటుంది: గుడ్డ మీద రంగులేసిన కొండ, కొండ మీద కోట, ముందు పూలకుండీ, పక్కన కుర్చీ, కుర్చీలో తాతగారు, ఆయన చుట్టూ కవాతుకి నిలబడ్డట్టు ఇంటిల్లిపాదీ. సముద్రపు హోరు వినపడే ఊళ్లో, ఎవరూ చూడని కొండని ఎందుకు గీశారో అడిగినవాడు లేడు. లోకంలో చాలా బొమ్మలు అలాగే తయారవుతాయి, దగ్గరున్నది కనపడకూడదన్న పట్టుదలతో. ఆరేళ్ల ఏసురాజు ఆ గుంపులో రెప్ప వేసి ఫొటో చెడగొట్టాడని చెంపదెబ్బ తిన్నాడు. అందుకని తన ఫొటోల్లో కొండలూ కుర్చీలూ తాతగార్లూ ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. నీళ్లు, ఆకాశం, మహా అయితే ఒక పడవ. దాన్ని 'శుభ్రమైన ఫొటో' అనేవాడు.

మన భాషలో ఫొటోలోకి మనుషులు రారు, పడతారు. పెళ్లిలో భోజనాల దగ్గర వెనక నుంచున్నవాడు "నేనూ పడ్డానా?" అని అడుగుతాడు. పడ్డవాడికి సంతోషం. ఏసురాజు మేస్టారికి మాత్రం అదే బెంగ. కరెంటు స్తంభం పడినా, ప్లాస్టిక్ బిందె పడినా, మనిషి పడినా ఆ ఫొటో పాడైనట్టే. అక్కడికక్కడే కెమెరా వెనక చెత్తబుట్ట బొమ్మ ఉన్న బొత్తాం నొక్కేసేవాడు.

ఇలా కొవ్వూరు గట్టు మీంచి వంతెన తీశాడు, పోలవరం వైపు నీళ్ల మీద మంచు తీశాడు, కోరింగ మడచెట్లు తీశాడు. దూరాలకి సెలవుల్లో బస్సు మీద పోయేవాడు; మామూలు ఆదివారాలు చర్చి అయ్యాక భోంచేసి బయల్దేరడం, దీపాలవేళకి ఇల్లు చేరడం. భార్య ఆశాజ్యోతి ఒకసారి వాటన్నిటినీ కంప్యూటరులో చూసి, "ఏంటండీ ఇది, జలప్రళయం అయిపోయాక తీసినట్టున్నాయి. ఒక్క పురుగు లేదు" అంది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాడు.

అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైన చోటు ఉప్పాడ రోడ్డు దిగితే వచ్చే రేవుపాకలు. ముప్పై గడపైనా లేని మత్స్యకారుల వాడ. అక్కడ సముద్రంలోకి పోసిన రాళ్లగుట్ట ఎక్కి ఉత్తరంగా తిరిగితే కుడిచేతి వైపు నీళ్లు, మధ్యలో ఇసక మీదికి లాగిన తెప్పలు, ఎడమచేతి వైపునుంచి వాటి మీద పడే సాయంకాలపు ఎండ. ఒక్కటే చిక్కు. ఆ ఎడమపక్క అంచున పెద్దింట్లమ్మ ఇల్లు ఉండేది. కెమెరా ఒక వేలు అటు తిరిగిందా, ఇంటి మూల పడేది.

పెద్దింట్లమ్మ చేపలమ్మే మనిషి. మొగుడు చిట్టియ్య వేటకి పోయేవాడు, కాళ్లు వాచి మానేశాడు. మేస్టారి స్కూటరు పెట్టుకోవడానికి ఇంటినీడ ఇచ్చేది, మంచినీళ్లిచ్చేది. ఫొటోకి అడ్డం వస్తే "కొంచెం పక్కకి జరగండమ్మా" అనేవాడు ఆయన. జరిగేది. ఆరేసిన చీర తియ్యమంటే తీసేది. బొత్తాం నొక్కి తెర చూసుకుని ఆయన అనే మాట ఎప్పుడూ ఒకటే:

"అయ్యో! ఇల్లు పడిందండి."

"పడిందాండీ? బాగా పడిందా?"

"పడింది, పడింది."

అని తలవంచి బొత్తాం నొక్కేవాడు. దాచుకుంటున్నాడనుకునేది ఆమె. పదకొండేళ్లలో అలా ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. వాడంతా చెప్పుకుంది: "మా ఇల్లు మేస్టారి కెమెరాలో బోలెడుసార్లు పడిందే. ఆయన దగ్గరున్నాయి అన్నీ."

ఆ ఇల్లు నిరుడు తుఫానుకి సముద్రంలో పడింది. ఒక్కరోజులో కాదు. ముందు పొయ్యి, తరవాత గోడ, తరవాత తలుపు. ఇనప్పెట్టె అయితే తలుపు కన్నా ముందే పోయింది, కాగితాలన్నీ అందులోనే.

పెద్దింట్లమ్మ బడికి వచ్చింది ఒక సోమవారం పొద్దున్న. రికార్డు గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. కొంగు తలమీంచి కప్పుకుని, చేతులు రెండూ కొంగులో దాచుకుంది, చేపల వాసన వస్తుందని.

"రండమ్మా, కూర్చోండి. చిట్టియ్య ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడండి, తుఫాను షెల్టరు వరండాలో. అందరికీ రోడ్డవతల ఇంటిస్థలాలు ఇస్తన్నారండి మేస్టారూ. లిస్టులో మా పేరు పడలేదు."

"అదేంటి? మీ ఇల్లే కదా అందరికన్నా ముందు పోయింది!"

"తుఫానుకి ముందు సర్వేకి వచ్చినప్పుడు నేను ఈయన్ని తీసుకుని పెద్దాసుపత్రిలో ఉన్నానండి. ఇరవై రోజులు. తాళం వేసుందని, మనుషులు లేని పాక అని రాసేసుకున్నారు. ఇప్పుడు చూస్తే పాకా లేదు. పక్కవాళ్లందరూ సంతకాలు పెట్టారండి. ఒకళ్లకొకళ్లు పెట్టుకునే సంతకాలు చెల్లవంట. తుఫానుకి ముందు ఇల్లున్నట్టు, మనుషులున్నట్టు తేదీ ఉన్న ఫొటో ఒక్కటి తెమ్మన్నారు. గురువారం అయిదింటికి మూసేస్తారంట." అని, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నవ్వింది. "ఒక్కటేంటమ్మా, వంద తెస్తానన్నానండి. సచివాలయంలో పిల్ల నమ్మలేదు. మేస్టారి కెమెరాలో పడిందమ్మా మా ఇల్లు అన్నాను."

ఏసురాజు మేస్టారు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "చూస్తానమ్మా" అన్నాడు. ఒక్కటైనా మిగిలి ఉండకపోతుందా అనుకున్నాడు. మనిషికి భయం వేసినప్పుడు చేతికి దొరికే మొదటి మాట అదే, చూస్తాను అని.

గురువారం దాకా సెలవు పెట్టాడు. పధ్నాలుగు వేల చిల్లర ఫొటోలు. మొదట రేవుపాకల ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి ఎడమ అంచు చూశాడు. తరవాత అన్ని ఫొటోలూ చూశాడు, కోటిపల్లి రేవులో పెద్దింట్లమ్మ ఇల్లు కనపడుతుందేమో అన్నట్టు. ఒక్కొక్క ఫొటో శుభ్రంగా ఉంది. కడిగిన గిన్నెల్లా ఉన్నాయి అన్నీ. అంచున ఒక తాటాకు ముక్క, ఒక తాడు కొస కనపడితే చాలు గుండె కొట్టుకునేది. పెద్దది చేస్తే తెప్ప మీద తాడు.

"ఆ బహుమతి వచ్చిందే, కెమెరా క్లబ్బువాళ్లిచ్చింది? అందులో ఏదో కొస ఉన్నట్టుండేది కదండీ" అంది ఆశాజ్యోతి.

"ఉండేది. కత్తిరించాను."

"కత్తిరించకముందుది?"

ఆయన తరవాతి ఫొటో తెరిచాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. అన్నం పెట్టి పిలిస్తే రాలేదని కంచం తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

బుధవారం మెయిన్‌రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే రాజ్ కుమార్ దగ్గరికి మెమరీ కార్డులు పట్టుకెళ్లాడు. చెరిపేసినవి వెనక్కి తెస్తారని ఎవరో చెప్పారు. రాజ్ కుమార్ మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టి తల అడ్డంగా ఊపాడు. "మీద మీద తీసేశారు కదండీ సార్. పలక తుడిచి రాసి, తుడిచి రాసి. ఏం మిగులుద్ది?" అన్నాడు. పై నుంచి శాటిలైటు తీసిన మ్యాపు కూడా చూపించాడు. అందులో కొబ్బరిచెట్ల తలకాయలు, ఇసక. కింద ఇల్లుందో లేదో దేవుడికి తెలియాలి.

తరవాత గొంతు తగ్గించి, "ఒక ఇల్లు పెట్టేద్దామా సార్? పది నిమిషాల పని. తేదీ కూడా మనమే పెట్టుకోవచ్చు" అన్నాడు.

మేస్టారికి కోపం రావాలి. రాలేదు. తేదీ దిద్దమన్నవాళ్లని ముప్పై ఏళ్లు గుమ్మంలోంచి పంపేసిన మనిషి, దుకాణంలో స్టూలు మీంచి లేవలేదు. ఇంతకీ తను కత్తిరించినప్పుడు మాత్రం దిద్దినట్టు కాదా? లేని ఇల్లు పెడితే దొంగతనమూ, ఉన్న ఇల్లు తీసేస్తే కళా అయిందా? ఇలా తర్కించుకుని, చివరికి అడిగాడు: "ఏ ఇల్లు పెడతావు?"

"ఏదో ఒకటండి. పాకలన్నీ ఒకలాగే ఉంటాయి కదా. ఎలా ఉంటదో చెప్పండి, దగ్గరలోది వెతుకుదాం."

చెప్పడానికి నోరు తెరిచాడు. తాటాకు కప్పా, సిమెంటు రేకులా? సగం అదీ సగం ఇదీ అనుకుంటా. తలుపు సముద్రం వైపా, రోడ్డు వైపా? రంగు ఏది? అరుగు ఉండేదా? ఆ అరుగు మీదే కదా గ్లాసు పెట్టేవాడు... లేకపోతే అది తిరగేసిన తొట్టా? పదకొండేళ్లు ఆదివారం ఆదివారం ఆ ఇంటివైపు చూశాడు. అది పడకుండా ఉండటానికి ఎంత తిరగాలో చూసుకోవడానికే చూశాడు. నుదురు పట్టుకుని కళ్లు మూసుకున్నా ఇల్లు రాలేదు. ఖాళీ ఇసక వచ్చింది.

కార్డులు జేబులో వేసుకుని బయటికి వచ్చేశాడు.

గురువారం పొద్దున్న, ఇంక చూసేది లేదనుకుంటూ చూస్తుంటే, ఒక ఫొటోలో తెప్పకి ఇవతల ఇసక మీద నల్లగా ఏదో కనపడింది. అయిదేళ్ల కిందటి డిసెంబరుది, తేదీ ఉంది. పెద్దది చేశాడు. నీడ. సాయంకాలం ఎండకి సాగిన ఇంటినీడ. కప్పు కొస, దాని పక్కన తాడు, తాడు మీద ఒక లంగా, దాని పక్కన చెయ్యెత్తి నిలబడ్డ మనిషి నీడ. పక్కకి జరగమంటే జరిగిన పెద్దింట్లమ్మ. ఇంటినీ మనిషినీ తప్పించాడు గాని నీడని తప్పించలేకపోయాడు. చర్చిలో కూడా అలా ఏడవని మనిషి కుర్చీలోనే ఏడ్చాడు.

మూడింటికి మేస్టారూ పెద్దింట్లమ్మా గ్రామ సచివాలయంలో వరసలో ఉన్నారు; వంతు వచ్చేసరికి నాలుగయింది. అక్కడి అమ్మాయి పేరు దేవిశ్రీ. ఇంజనీరింగు చదివి ఈ ఉద్యోగంలో చేరిన పిల్ల. పొద్దుటినుంచి జనంతో మాట్లాడీ మాట్లాడీ గొంతు పోయి ఉంది. ఫొటో తీసుకుని ట్యాబు పక్కన పెట్టుకుని చూసింది. తిప్పి చూసింది.

"ఇల్లు ఎక్కడుందండి ఇందులో?"

"ఇదిగోనమ్మా, ఇది కప్పు. ఇది ఆరేసిన బట్టలు. ఇది ఈవిడే."

"ఇది నీడ కదండీ సార్."

"ఇల్లు లేకుండా నీడ పడుతుందామ్మా?"

"పడదు సార్. నాకు తెలుసు. కానీ పైవాళ్లు ఎవరింటి నీడ అంటే నేనేం చెప్పను? ఇంకోటి ఇవ్వండి. ఈవిడ వంద ఉన్నాయన్నారు."

"ఉన్నాయమ్మా, ఇస్తారు" అంది పెద్దింట్లమ్మ, మేస్టారి వైపు తిరిగి. "అవి తియ్యండి మేస్టారూ. ఇల్లు పడిందన్నారే, అవి."

ఇక దాచడానికి చోటు లేదు. ఏసురాజు మేస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు.

"లేవమ్మా. పడినప్పుడల్లా తీసేశాను."

"తీశారు కదా, అవే."

"తియ్యడం కాదు. తీసెయ్యడం. ఇల్లు పడితే ఫొటో పాడైందని అక్కడే చెరిపేసేవాణ్ణి. పడింది అన్నానంటే అర్థం అదమ్మా."

పెద్దింట్లమ్మకి వెంటనే అర్థం కాలేదు. అయ్యాక అరవలేదు, శపించలేదు. మార్కెట్లో తూకం దగ్గర తేడా వస్తే నలుగురిని నిలబెట్టి దులిపే మనిషి. కాసేపు ఫొటోలో నీడవంకే చూసి చాలా మెల్లిగా అడిగింది:

"మా ఇల్లు అంత అసయ్యంగా ఉండేదాండీ?"

దేవిశ్రీ తల దించుకుంది. మేస్టారు "కాదమ్మా, కాదు" అన్నాడు.

ఆ పిల్ల ట్యాబులో ఏదో వెతికి, టైము చూసి లేచింది. "ఆంటీ, అక్కడ ఇప్పుడు ఏమైనా మిగిలుందా? పునాది, గట్టు, ఏదైనా? ఆనవాలు ఒక్కటి కనపడేలా అక్కడ నిలబడి ఫొటో తీస్తే యాప్‌లో ఎక్కించొచ్చు. అయిదు లోపల. నేను వస్తాను పదండి."

"రుబ్బురోలుందమ్మా!" అంది పెద్దింట్లమ్మ. "గడప పక్కన పాతేసిన రోలు. మా అత్త నాటి రాయి. అది ఎక్కడికీ పోదు."

దేవిశ్రీ స్కూటీ మీద ముందు, మేస్టారి స్కూటరు మీద పెద్దింట్లమ్మ వెనక. ఆమె ఆ బండి ఎక్కడం అదే మొదటిసారి. గాలి ఎదురు కొడుతోంది. రేవుపాకల దగ్గర దిగేసరికి నాలుగున్నర దాటింది. సముద్రం పోటు మీదుంది. కాకినాడ రేవులో బల్లపరుపుగా పడుకునే సముద్రమే, ఈ నాలుగు మైళ్లు దాటేసరికి ఊళ్లు తినడం మొదలుపెడుతుంది. ఇసక లేదు, తెప్పలు లేవు. రోడ్డు అంచున పోసిన రాళ్ల దాకా నీళ్లొచ్చి కొట్టుకుంటున్నాయి.

పెద్దింట్లమ్మ చీర గోచీలా బిగించి దిగింది. రోడ్డు మీది స్తంభం వంక ఒకసారి, విరిగిన కొబ్బరిమొద్దు వంక ఒకసారి చూసుకుంటూ, ఇంట్లో చీకట్లో నడిచినట్టు నడిచింది. మోకాళ్లు, తొడలు, నడుము. అక్కడ ఆగి కాళ్లతో వెతికింది. అల వచ్చి పడగొట్టింది, లేచింది. మళ్లీ వెతికింది. నాలుగు నలభై అయిదు. నాలుగు యాభై.

"దొరికింది! మేస్టారూ, దొరికిందండీ! కాలికిందే ఉంది! తియ్యండి!"

ఆయన చెప్పులు విడవడం కూడా మరిచి నీళ్లలోకి దిగాడు. కెమెరా తల మీదికెత్తి నాలుగడుగులు వేసి, కన్ను పెట్టి, నొక్కాడు. తెర చూశాడు. బూడిదరంగు నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో నడుము లోతున ఒక ఆడమనిషి. ఎడమ అంచున ఏమీ లేదు. కుడి అంచున ఏమీ లేదు. అంత శుభ్రమైన ఫొటో ఆయన జన్మలో తియ్యలేదు.

ఒడ్డుకి పరుగెత్తి దేవిశ్రీకి చూపించాడు.

"కట్టడం కనపడాలండి సార్. ఇందులో ఆంటీయే కనపడుతున్నారు."

"కింద ఉందమ్మా. రా, నువ్వొచ్చి చెయ్యి పెట్టి చూడు."

"నేను నమ్ముతున్నాను సార్! నేను నమ్మితే సరిపోదు." ఆ పిల్ల గొంతు పూర్తిగా పోయింది. "కట్టడం కనపడుతోందా, అవునా కాదా అని అడుగుతోంది ఇది. కాదంటే ముందుకెళ్లదు. అవునంటే పైన ఫొటో చూస్తారు."

"అవునని కొట్టమ్మా."

"కొట్టాను సార్. మీ తెరనే ట్యాబుతో ఫొటో తీసి పంపించాను. ఏమంటారో నాకు తెలుసు." ట్యాబు ఎదకి అదుముకుని అటు తిరిగిపోయింది.

"పాటు తీసినప్పుడు పైకి తేల్తాదమ్మా!" అని నీళ్లలోంచి అరిచింది పెద్దింట్లమ్మ. "ఏడూ ఏడున్నరకి నీళ్లు లాగుతాయి. అప్పుడు రోలు మొత్తం కనపడద్ది. అంతదాకా నేనిక్కడే నిలబడతాను. కాలు తీస్తే మళ్లీ దొరకదు!"

అయిదు దాటిపోయిందని ఆమెకి చెప్పేవాళ్లు లేరు. దేవిశ్రీ చెప్పలేదు. ఏసురాజు మేస్టారు కెమెరా ఆ పిల్ల చేతిలో పెట్టి మళ్లీ దిగాడు. ఈత రాదు. పెద్దింట్లమ్మ వణుకుతోంది, పెదాలు నల్లబడ్డాయి. వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, ఆమె పాదం పక్కన తడిమాడు. ఇసకలోంచి గరుకైన రాయి అంచు తగిలింది. నునుపుగా అరిగిన గుంట తగిలింది.

"కాసేపు నేను పెడతానమ్మా కాలు. మీరు ఒడ్డుకెళ్లి కూర్చోండి."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇద్దరి మధ్యా ఒక అల వచ్చి పోయింది.

"పెట్టండి గాని" అంది, "ఈసారి తీసెయ్యకండే మేస్టారూ."

ఆయన చెప్పు వదిలేసి, గుంటలో పాదం ఆనించాడు. ఆ తరవాతే ఆమె తన కాలు తీసింది. ఒడ్డుకి మాత్రం వెళ్లలేదు.